మోకాలి ఎత్తు నుంచి ఒక పశువైద్యశాల

ముందే చెప్పేస్తాను. వైద్యానికి ఐదుకు ఐదు. పిల్లుల విభాగానికి నాలుగున్నర. హాలు నేలకు ఒకటి, అదీ మొహమాటానికి. ఒకే కప్పు కింద ఇంత తేడా ఎలా వచ్చిందో చెప్పాలంటే కాస్త వివరంగానే రాయాలి.

కట్టడాల పని దగ్గరుండి చేయించడం నా వృత్తి. ఏ ఆసుపత్రికి వెళ్లినా నా చూపు ముందు గోడ మూలల మీద, నేల వాలు మీద, తలుపు సందుల మీద పడుతుంది. ఈ క్లినిక్కుకు నేను తీసుకెళ్లే రోగులు ఇద్దరు. భీముడు ముసలి లాబ్రడార్; తుంటి కీళ్లు అరిగిపోయి వెనక కాళ్లు మాట వినడం మానేశాయి. కాటుక నల్ల పిల్లి; మూత్రంలో రాళ్లు పడే తత్వం, మనుషుల మీద నమ్మకం తక్కువ. వీళ్లిద్దరికీ కావలసినవి ఒకదానికొకటి పొసగవు. కుక్కకు కాలు నిలిచే నేల, వెడల్పాటి దారి కావాలి. పిల్లికి ఎత్తు కావాలి, మరుగు కావాలి, ముఖ్యంగా భీముడిలాంటి వాళ్లు కంటపడకూడదు. కొత్తగా కట్టిన ఈ భవనం ఇద్దరినీ ఒకేసారి ఆదరించగలదా అన్నదే నేను చూసింది.

బయటి నుంచి ముచ్చటగానే ఉంది. తెల్ల గోడలు, నిలువెత్తు అద్దాలు, కప్పు అంచున చెక్క పట్టీలు. వాహనాలు నిలిపే చోటుకు కొదవ లేదు.

లోపలికి వెళ్లడానికి రెండు తలుపులు వరసగా ఉంటాయి, మధ్యలో చిన్న గది. మెడపట్టీ వదిలించుకున్న కుక్క ఒక తలుపు దాటినా రెండోదాని దగ్గర ఆగిపోవాలని ఈ ఏర్పాటు. పెంపుడు జంతువుల ఆసుపత్రిలో ఇది ఉండి తీరాలి. ఇక్కడ ఉంది. కాకపోతే రెండూ కదలికను పసిగట్టి వాటంతట అవే జరిగే అద్దపు తలుపులు, మధ్య దూరం రెండంగల్లో అయిపోతుంది. బయటి తలుపు తెరుచుకునేసరికే లోపలి తలుపు సెన్సారు నన్ను చూసేస్తుంది. రెండూ బార్లా తెరుచుకుని హాల్లోంచి రోడ్డు కనబడుతుంది. పైగా ఆ సెన్సారుకు మనిషని, జంతువని తేడా లేదు. పారిపోదలచిన కుక్కకు మర్యాదగా తలుపు తీసి మరీ సాగనంపుతుంది. ఒకటి మూసుకుంటే తప్ప రెండోది తెరుచుకోకుండా ముడిపెట్టడం ఎలక్ట్రీషియనుకు ఒక పూట పని.

ఇక హాలు నేల. ముఖం చూసుకోగలిగేంత పాలిష్ పట్టిన తెల్లటి విట్రిఫైడ్ పలకలు. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్లలో. భయపడినప్పుడు ఆ మెత్తలు తడిసిపోతాయి. భీముడు హాల్లో కొంత దూరం నడిచాక వెనక్కి తిరిగి చూశాను. వాడి అడుగుల తడి ముద్రలు పలకల మీద వరసగా ఉన్నాయి. ముందు కాళ్లవి గుండ్రంగా, స్పష్టంగా పడ్డాయి. వెనక కాళ్లవి ఒక్కొక్కటీ పక్కకు సాగి, చివర సన్నబడి ఆగాయి. ఆ సాగిన మేరంతా కాలు జారిన దూరం. తుంటి గట్టిగా ఉన్న కుక్క జారినా నిలదొక్కుకుంటుంది. కీలు అరిగిన కుక్కకు కాళ్లు చెరో పక్కకూ విడిపోతాయి. ఆ బెదురుతో గోళ్లు దించి నేలను పట్టుకోబోతుంది. పాలిష్ పలక మీద గోరు ఆనేదెక్కడ? నొప్పికి మందు రాయించుకోవడానికి వచ్చిన కీలుకు గుమ్మంలోనే కొత్త నొప్పి తగులుకుంటుంది.

దీనికి ఖర్చు సాకు చెల్లదు. తెలియకపోవడం అన్న సాకు అసలే చెల్లదు. కాటుకను ఒక రాత్రి అక్కడ ఉంచాల్సి వచ్చినప్పుడు, లోపల చూడవచ్చా అని అడిగాను. డాక్టరు గారు ఏమీ అనుకోకుండా వెనక భాగమంతా తిప్పి చూపించారు. వార్డులో నేల చూసి ఆశ్చర్యపోయాను. అతుకన్నది లేకుండా పోసిన ఎపాక్సీ (పోశాక గట్టిపడే పూత), తడి ఆరకముందే సన్నటి ఇసుక చల్లి తెప్పించిన గరుకు. నేల గోడను కలిసే చోట మూలే లేదు. నేలే వంపు తిరిగి జానెడు ఎత్తు గోడ మీదికి ఎక్కింది. మూల లేకపోతే మురికి దాక్కునే చోటు లేదు. పలకల మధ్య సందులు పూడ్చే గ్రౌటు మూత్రాన్ని పీల్చుకుంటుంది. ఎంత కడిగినా ఆ వాసన మన ముక్కుకు పోయినట్టే ఉంటుంది గానీ కుక్కకు పోదు. వాసన పట్టే కణాలు మనకు లక్షల్లో ఉంటే వాటికి కోట్లలో ఉంటాయి. వెనక వార్డులో ఇదంతా ఆలోచించి చేసిన మనుషులే ముందు హాల్లో పాలిష్ పలకలు వేశారు. జంతువు ఉండే చోట జంతువును తలచుకున్నారు, ఫొటో తీసే చోట ఫొటోను తలచుకున్నారు. ఈ భవనంలో మంచీ చెడూ రెండూ ఈ గీత దగ్గరే విడిపోతాయి.

పశువుల కోసం కట్టే దారులను అమెరికన్ శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ పరిశీలించే తీరు ప్రసిద్ధం. ఆవులు ఎక్కడ మొరాయిస్తున్నాయో ఆ దారిలోకి ఆమె స్వయంగా దిగి, వాటి కళ్ల ఎత్తు నుంచి చూస్తారు. వేలాడే గొలుసు, నీటి మడుగులో మెరుపు, నేల మీద అడ్డంగా పడ్డ నీడ. మనం పట్టించుకోనివే పశువును నిలబెట్టేస్తాయి. నేనూ మందుల అలమార పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. రిసెప్షనులో ఉన్న అమ్మాయి బల్ల మీంచి వంగి, "ఏమైనా పడిపోయిందా మేడం?" అని అడిగింది. ఆ ఎత్తులో హాలంతా మెరుపే. నిలువెత్తు అద్దాల్లోంచి వచ్చే వెలుగు పాలిష్ నేల మీద పడి సూటిగా కళ్లలో కొడుతోంది. మనం నిలబడితే ఆ వెలుగు నడుము కిందే ఉండిపోతుంది కాబట్టి హాయిగా అనిపిస్తుంది. రిసెప్షను బల్ల ముందుభాగానికి కూడా మెరిసే లామినేటు అంటించారు. అందులో కనబడే కుక్కను చూసి భీముడు గుర్రుమన్నాడు.

గోడ మీద ఎర్ర పూలూ ఆకుపచ్చ తీగలూ ఉన్న పెద్ద చిత్రం ఉంది. జంతువుల మనసుకు ఉల్లాసం కోసమని క్లినిక్కు కరపత్రం చెబుతుంది. కుక్క కంటిలో రంగును పట్టే కణాలు రెండు రకాలే. 1989లో కాలిఫోర్నియాలో జరిగిన ప్రయోగాల్లో ఇది రుజువైంది. నీలం, పసుపు వాటికి బాగా తెలుస్తాయి. ఎరుపూ ఆకుపచ్చా విడివిడిగా తెలియవు. కాబట్టి ఉల్లాసం మనకే. ఉండనివ్వండి, బిల్లు కట్టేది కూడా మనమే. కానీ బూడిద రంగు ర్యాంపు అంచు తెలియడానికి ఎర్ర పట్టీ వేశారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండింది. పసుపు పట్టీ అదే ధరకు వస్తుంది, చూపు మందగించిన కుక్కకు కూడా అంచు తెలుస్తుంది.

హాలు చివర తూకం మాత్రం మనసుకు నచ్చింది. నేలలో గుంట తీసి, పై పలక నేలతో సమంగా వచ్చేలా దించారు. మీద నల్లటి గరుకు రబ్బరు. కుక్కను ఎత్తి పెట్టడం, నలుగురు చేరి అదిమి పట్టడం అక్కర్లేదు. దారిలో నడుస్తూ ఒక్క క్షణం ఆగితే బరువు గోడ మీద కనబడుతుంది. గుంట అడుగున కడిగిన నీళ్లు పోవడానికి గొట్టం కూడా వదిలారు. ఎవరో ఒళ్లు దాచుకోని మేస్త్రీ చేసిన పని.

పిల్లులకు పక్కగా వేరే తలుపు ఉంది. ఆ సంగతి అడిగితే తప్ప చెప్పరు, ఎందుకో మరి. లోపల చిన్న గది, మసక వెలుతురు, బుట్టలు పెట్టడానికి ఛాతీ ఎత్తులో అరలు, అరకూ అరకూ మధ్య చెక్క అడ్డు. నేల మీద పెట్టిన బుట్టలో పిల్లి బిక్కచచ్చిపోతుంది. కాస్త ఎత్తు దొరికితే కుదుటపడుతుంది. ఏ రెండు అరలూ ఎదురెదురుగా లేవు. పరాయి పిల్లి కళ్లార్పకుండా చూస్తుంటే పిల్లుల లోకంలో అది బెదిరింపే. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఫీలైన్ మెడిసిన్ అనే పిల్లుల వైద్యుల సంఘం 2012లో మొదలుపెట్టిన, పిల్లులకు అనువైన క్లినిక్కుల పథకంలోనూ ఈ మరుగుకు చాలా ప్రాధాన్యం ఉంది. కాటుక మామూలుగా బుట్టలో పెట్టిన క్షణం నుంచి అరుస్తుంది. ఇక్కడ అర మీద పెట్టి పైన తువ్వాలు కప్పాక నోరు మూసుకుని, కాసేపటికి కాలు నాక్కోవడం మొదలుపెట్టింది. ఒళ్లు నాక్కుంటోందంటే పిల్లి కాస్తయినా స్థిమితపడినట్టే.

ఆ గదికి పూర్తి మార్కులు ఇవ్వకపోవడానికి కారణం ఒక ప్లగ్గు. పిల్లులు వస్తువులకు బుగ్గ రుద్ది వదిలే గంధానికి కృత్రిమంగా చేసిన నకలును వెదజల్లే పరికరం ఒకటి పెట్టారు. మంచి ఆలోచనే. పెట్టింది సోఫా వెనక, ఎగ్జాస్ట్ ఫ్యానుకు దగ్గరగా. గంధం కొంత సోఫా వీపుకు, మిగిలింది వీధికి పోతోంది.

పిల్లుల పరీక్ష గదిని గీసినవాళ్లకు పిల్లి సంగతి బాగా తెలుసు. అలమారల కింద సందు లేకుండా నేల దాకా, పైన కప్పు దాకా మూసేశారు. సింకు గొట్టం గోడలోకి వెళ్లే చోట కూడా పలక బిగించారు. బెదిరిన పిల్లి అలాంటి సందులో దూరిందంటే దాన్ని బయటికి రప్పించేలోగా డాక్టరు మరో ఇద్దరు రోగులను చూసి పంపవచ్చు. బల్ల స్టీలుదే, కానీ మీద రబ్బరు చాప ఉంది. వట్టి స్టీలు చల్లగా తగులుతుంది, జారుతుంది, మీద చిన్న కత్తెర పెట్టినా ఖంగుమంటుంది. డాక్టరు గారు కాటుకను బుట్టలోంచి లాగలేదు. బుట్ట పైభాగం విప్పి, కింది భాగంలోనే ఉంచి పొట్ట తడిమారు. భీముడి విషయంలో ఆయనే కింద చాప మీద కూర్చున్నారు. బల్ల నేల దాకా దిగేదే అయినా దాని అవసరమే రాలేదు. వైద్యానికి ఐదుకు ఐదు ఇచ్చింది ఇందుకే.

శబ్దం సంగతికి వస్తే, కుక్కల వార్డుల్లో మొరుగుళ్ల మోత వంద డెసిబెల్స్ దాటడం వింత కాదు. ఇక్కడ వార్డు భవనం చివర ఉంది. దాని గోడను దిమ్మెలతో కట్టి స్లాబుకు తగిలేదాకా లేపారు. తలుపుకు చుట్టూ రబ్బరు అంచు, కప్పుకు శబ్దాన్ని పీల్చే పలకలు. తలుపు మూయగానే నడవలో మొరుగుడు దాదాపు ఆగిపోయింది. అదే జాగ్రత్త పరీక్ష గదుల దగ్గర కొరవడింది. వాటి మధ్య జిప్సం అడ్డుగోడలు ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆగిపోయాయి. ఒక మూల ఏసీ నీరు కారి పలక ఊడిపోయింది, అందులోంచి పక్క గది దాకా ఖాళీ కనబడుతోంది. అక్కడ ఏ కుక్క ఏడ్చినా కప్పు మీంచి ఇటు దిగుతుంది. గోడ ఎక్కడిదాకా లేపాలో నకాశాలో ఒక గీత, అంతే. పని అయిపోయాక సరిచేయాలంటే కప్పంతా విప్పాలి.

మన చెవికి అందని శబ్దం ఇంకొకటి ఉంది. శస్త్రచికిత్స పనిముట్లు కడిగే అల్ట్రాసోనిక్ తొట్లు చాలావరకు 40 వేల హెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. మనిషి చెవి 20 వేల దగ్గరే ఆగిపోతుంది. కుక్క సుమారు 45 వేల దాకా వింటుంది, పిల్లి 60 వేలు కూడా దాటుతుంది. మనకు సన్నటి బుసగా తోచేది వాటికి ఏమని వినబడుతుందో ఊహించుకోవాల్సిందే. అదృష్టవశాత్తూ అంత సన్నటి శబ్దం గోడను దాటలేదు, మూసిన తలుపునూ దాటలేదు. ఇక్కడ తొట్టి ఉన్న గదికీ పిల్లుల వార్డుకూ మధ్య సామాను అందించుకోవడానికి చిన్న కిటికీ పెట్టారు. దానికి రెక్క ఉంది. నేను చూసిన ప్రతిసారీ ఆ రెక్క తెరిచే ఉంది.

అంటువ్యాధుల గది గురించి చెప్పకపోతే అన్యాయం. కుక్కల పార్వో వైరస్ 1978లో బయటపడింది. నేల మీద నెలల తరబడి బతికే మొండిది, మామూలు సబ్బు నీళ్లకు లొంగదు, బ్లీచింగ్ కావాలి. అందుకని ఆ గదికి భవనం వెనక నుంచి వేరే దారి, వేరే చెప్పులు, వేరే బకెట్టు, గోడకు పాదంతో తిప్పే కుళాయి. గాలి ఏర్పాటు ఇంకా ముఖ్యం. లోపలి గాలిని ఫ్యాను పీల్చి నేరుగా ఆరుబయటికి పంపాలి. తలుపు సందుల్లోంచి గాలి లోపలికే పోవాలి తప్ప నడవలోకి రాకూడదు. ఆపరేషను గదికి సరిగ్గా తలకిందులు: గాలి లోపలి నుంచి బయటికి తోయాలి, దుమ్ము లోపలికి రాకూడదు. ఇది చూడటానికి పరికరాలు అక్కర్లేదు. టిష్యూ కాగితాన్ని సన్నగా చీల్చి తలుపు సందు దగ్గర పట్టుకుంటే చాలు. ఆపరేషను గది దగ్గర ఆ పేలిక నా వైపు ఎగిరింది. సంతోషం. అంటువ్యాధుల గది దగ్గర కాగితం తీసే పనే పడలేదు. తలుపు మూసుకోకుండా బకెట్టు అడ్డం పెట్టి ఉంది.

"మూస్తే లోపల ఉక్కపోత అమ్మా, నిలబడలేం" అన్నాడు అటెండరు. అతణ్ని ఏమంటాం? గాలి పీల్చే ఫ్యాను పెట్టి, చల్లటి గాలి వచ్చే దారి పెట్టడం మర్చిపోయారు. పని చేసే మనిషికి ఊపిరాడని గది తలుపు ఎవరు ఎన్ని బోర్డులు రాసి పెట్టినా తెరిచే ఉంటుంది. అదృష్టం కొద్దీ ఆ రోజు లోపల రోగి ఎవరూ లేరు.

ఎక్స్‌రే గదిలో నాకు వంక దొరకలేదు. గోడల్లోనూ తలుపులోనూ సీసం, చూసే కిటికీకి సీసం కలిసిన గాజు. కుక్కను మనిషి పట్టుకునే పని తప్పించడానికి ఇసుక సంచులు, స్పాంజి దిమ్మెలు. దూరం రెట్టింపైతే తాకే కిరణాలు నాలుగో వంతుకు పడిపోతాయి కాబట్టి మీట గది బయట పెట్టారు.

వార్డు నేల వాలు చూడటానికి గోళీ వదిలి చూద్దామనిపించింది. మొహమాటపడి మానేసి, కడిగేటప్పుడు నీళ్లు ఎటు పోతున్నాయో చూశాను. ఎక్కడా నిలవలేదు. చివరి తూములోంచి మాత్రం మురుగు వాసన. వాడకం లేని తూము వంపులో నీరు ఎండిపోతే కింది వాసన పైకి వస్తుంది; రోజుకో చెంబుడు నీళ్లు పోస్తే సరి.

ఫొటోల్లో ఎక్కడా కనబడని గది ఒకటుంది. బాగుపడే ఆశ లేని జంతువును నొప్పి లేకుండా సాగనంపే గది. దానికి హాలుతో సంబంధం లేకుండా వెనక్కి సొంత తలుపు ఉంది, కారు గుమ్మం దాకా వస్తుంది. కూర్చోడానికి తక్కువ ఎత్తు సోఫా, కింద గరుకైన మెత్తటి నేల, వెలుతురు తగ్గించుకునే మీట. గోడకు గడియారం లేదు. బిల్లు సంగతి ముందే మాట్లాడేస్తారట, బయటికి వచ్చేటప్పుడు ఎవరి ముందూ నిలబడనక్కర్లేదు. నా అవసరం అక్కడిదాకా రాలేదు. ఆ గదిని గీసినవాళ్లకు మాత్రం మనసులో నమస్కారం పెట్టుకున్నాను. హాలును గీసింది కూడా వాళ్లేనంటే నమ్మబుద్ధి కావడం లేదు.

లోపాలన్నీ ఒక కాగితం మీద రాసి మేనేజరు గారికి ఇచ్చాను. తలుపులు రెండూ ఒకేసారి తెరుచుకోకుండా ముడి, ర్యాంపుకు పసుపు పట్టీ, చిన్న కిటికీ రెక్క దానంతట అదే మూసుకునే స్ప్రింగు, గుమ్మం నుంచి తూకం దాకా రబ్బరు చాప, అంటువ్యాధుల గదికి చల్లటి గాలి. చివరిది తప్ప మిగతావి ఒక్క సెలవు రోజులో అయిపోతాయి. ఆయన శ్రద్ధగా చదివి, మొదటి మూడూ చేయిస్తానన్నారు. అంటువ్యాధుల గది సంగతి యజమానులతో మాట్లాడాలన్నారు. చాప పరిస్తే హాలు అందం చెడుతుందని మాత్రం మెల్లగా సణిగారు.

వెళ్లదలచినవాళ్లకు: ముసలి కుక్క ఉంటే ముందే ఫోను చేసి వెనక ర్యాంపు వైపు తలుపు తీయించుకోండి, అటు నేల గరుకుగా ఉంటుంది. హాలు గుండానే వెళ్లాల్సి వస్తే యోగా చాపలు రెండు చుట్టి పట్టుకెళ్లండి. ఒకటి ముందు పరుస్తూ, రెండోది వెనక నుంచి తీస్తూ పోవచ్చు. నేను అలాగే చేస్తున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. పట్టీ చేతికి చుట్టుకుని గానీ ఆ జోడు తలుపుల దగ్గరికి రావద్దు. పిల్లి ఉంటే పక్క తలుపు అడగండి, కూర్చునే ముందు సోఫాను గోడ నుంచి జానెడు ముందుకు జరపండి. నాలుగో పరీక్ష గది ఇస్తామంటే వద్దనండి, ఊడిన పలక ఉన్నది అందులోనే.